చిరుసంచిలో కంప్యూటరు

బాపట్ల 5204 అనగానే మన ప్రాంతపు రైతుకు 1986లో విడుదలైన సాంబమసూరి కళ్లయెదుట నిలుచును. 334 అనగానే గుంటూరు మిరపయార్డులో బేరగాని చేయి టిక్కీ వైపు సాగును. అంకెయే పేరుగా చెలామణి యగుట మనకు వింత కాదు. పరిశోధనా క్షేత్రమున క్రొత్త వంగడము పుట్టినప్పుడు దానికి మొదట దొరకునది అంకె. పేరు పెట్టుట తరువాతి వేడుక. ఆ వేడుకకు పూర్వము అది రైతు పొలములో ఒక పరీక్షకు నిలువవలెను. వ్యవసాయ శాస్త్రజ్ఞులు దానిని చిరుసంచుల దశ యందురు.

లాం క్షేత్రమువారు గాని బాపట్లవారు గాని విడుదలకు ముందు కొద్దిపాటి విత్తనమును చిన్న సంచులలో కట్టి ఎంపికచేసిన రైతులకు ఇత్తురు. రైతు దానిని పొలములో ఒక మూల, తాను ఏటేట వేయు రకము ప్రక్కనే వేయును. మొలక మొదలు కోత వరకు రెండింటిని పోల్చి చూచును. తెగులు దేనికి ముందు తగిలినది, గాలికి ఏది పడినది, ఏది ఎన్నాళ్లకు కోతకు వచ్చినది, అడిగినవారికి చెప్పును. ఆ మాటలనుబట్టి కొన్ని రకములు విడుదలకు నోచుకొనును. కొన్ని అంకెలతోనే అంతమగును. అట్లు అంతమైనవాని సంగతి తక్కిన రైతులకు తెలియనే తెలియదు. వారికి తప్పిన నష్టము గూడ ఎవరి లెక్కలోనికి రాదు.

శ్రోతలారా, కంప్యూటరు లోకమునను ఇట్టి చిరుసంచులు కలవు. ఆపరేటింగు సిస్టము అను మాట మీలో పెక్కుమంది వినియే యుందురు. మీట నొక్కినది మొదలు అక్షరము తెరపై పడువరకు, ధ్వని రికార్డయినది మొదలు అది భద్రముగా ఒకచోట చేరువరకు, నడుమనుండి పని నడపించునది అదియే. మీ చేతిలోని ఫోనులోను ఆండ్రాయిడ్ అనియో ఐఓఎస్ అనియో ఇట్టిది ఒకటి యుండును. తయారుచేయువారు దాని క్రొత్త రూపమును లోకమునకు విడుదల చేయుటకు కొన్ని నెలలు ముందుగా, ఇష్టపడినవారికి పరీక్షార్థము ఇత్తురు. ప్రివ్యూ అనియు బీటా అనియు పిలువబడు ఆ రూపమును మేము తొలిరూపు అందుము. దానికిని మొదట అంకెయే. 2021 అక్టోబరు 5న విండోస్ 11 అను పేరుతో విడుదలైనది అంతకుముందు పరీక్షకుల నడుమ 22000 అను అంకెతో తిరుగాడినది.

అయితే విత్తనమునకును దీనికిని ఒక భేదము కలదు. దానిని ముందే చెప్పుట మంచిది. విత్తనము మారినచో ఒక మడి మాత్రమే మారును. ఆపరేటింగు సిస్టము విత్తనము వంటిది కాదు, నేల వంటిది. మనము వాడు ప్రోగ్రాములన్నియు దానిలో పాతుకొన్న మొక్కలు. నేల చెడినచో ఏ మొక్కయు నిలువదు. అందుచేత చిరుసంచి తీసికొను రైతుకంటె తొలిరూపు వేసికొనువాడు మరింత జాగరూకుడై యుండవలెను.

విడుదల కాకముందే దీనిని వేసికొని చూడవచ్చునా అను ప్రశ్న నిరుడు మా కార్యక్రమ విభాగములో పుట్టినది. చిన్నవారు వేయవలె ననిరి. పెద్దవారు, ఉన్నది చక్కగా పనిచేయుచుండగా ఈ గొడవ ఏల యనిరి. మా కంప్యూటరులలో నున్నది సామాన్యమైన సరకు కాదు. మిరపతోటలలో, పత్తిచేలలో, కల్లముల వద్ద పట్టుకొని వచ్చిన రైతుల గొంతులు వానిలో కలవు. ఆ గొంతులలో కొన్ని ఇప్పుడు మరల వినుటకు ఆ రికార్డులే దిక్కు. కావున తొందరపడక మేము ముందుగా ఇతరుల అనుభవములను విచారించితిమి.

1995లో మైక్రోసాఫ్టువారు విండోస్ 95 విడుదలకు ముందు దాని తొలిరూపును ఫ్లాపీ డిస్కులలో పెట్టి 19 డాలర్ల 95 సెంట్లకు అమ్మిరి. కొన్నవారికి అది ఆ యేడు నవంబరు వరకే పనిచేసినది. ఆపైన గడువు తీరినది. అసలు రూపమును మరల కొనుక్కొనవలసినదే. చిరుసంచికి రైతువద్ద సొమ్ము పుచ్చుకొన్న శాస్త్రజ్ఞుని మన మెరుగము. ఇరువది యేండ్లలో ఆ పద్ధతి మారినది. 2014 సెప్టెంబరు 30న విండోస్ 10ను ప్రకటించి, మరునాడే తొలిరూపును కోరినవారికి ఉచితముగా ఇచ్చిరి. ఆ సంస్థకు ఆ యేడు ఫిబ్రవరిలోనే అధిపతియైన సత్య నాదెళ్ల హైదరాబాదున పుట్టినవాడని మన యువకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఉచితమన్న మాటను మాత్రము కొంచెము తడిమి చూడవలెను. విండోస్ తొలిరూపును పరీక్షించువారు తమ యంత్రము ఎట్లు పనిచేయుచున్నదో తెలుపు అదనపు సమాచారమును సంస్థకు పంపుటకు అంగీకరింపవలెను. పరీక్ష యన్న తరువాత అది న్యాయమే. గాని ఆ యంత్రములో పరులకు సంబంధించిన వ్రాతకోత లున్నచో అంగీకరించుటకు మన కేమి అధికారము? మా వద్దకు వచ్చు రైతుల ఉత్తరములలో పేర్లుండును, ఫోను నంబరులుండును, అప్పుల సంగతులుండును. వారు మమ్ము నమ్మి వ్రాసినారు.

తొలిరూపులలోను తరతమభేదము లున్నవి. విడుదలకు దాదాపు సిద్ధమైనది ఒకటి, ఇంకను పచ్చిగా నున్నది ఒకటి. మైక్రోసాఫ్టువారు 2023 మార్చిలో అన్నిటికంటె పచ్చిదానికి కెనరీ యని పేరిడిరి. కెనరీ యనునది ఒక చిన్న పసుపుపచ్చని పిట్ట. వెనుకటి కాలమున బొగ్గుగనులలోనికి దిగువారు దానిని పంజరములో పెట్టి వెంట తీసికొని పోయెడివారు. విషవాయువు వ్యాపించినచో మనుష్యునికంటె ముందు పిట్ట సోలిపోవును. దానిని చూచి మనుష్యులు బయటపడుదురు. పేరు పెట్టినవారి నిజాయితీని మెచ్చుకొనవలసినదే. ఆ మార్గమున చేరువాడు తానేమి కాబోవుచున్నాడో పేరులోనే చెప్పినారు.

ఇక నష్టము ఎట్లు వచ్చునో చూతము. 2018 అక్టోబరు 2న విండోస్ 10కు ఒక క్రొత్త కూర్పు విడుదలైనది. నాలుగు దినములు తిరుగకముందే దానిని నిలిపివేయవలసి వచ్చినది. కొందరి కంప్యూటరులలో పత్రములు, ఛాయాచిత్రములు మాయమైనవి. తమ పత్రముల సంచిని ఒకచోటి నుండి మరియొకచోటికి మార్చుకొన్నవారికి, పాతచోట మిగిలియున్న ఫైళ్లను ఆ కూర్పు అక్కరలేనివిగా నెంచి తుడిచివేసినది. పదివేలమందిలో ఒకనినుండి మాత్రమే ఫిర్యాదు వచ్చినదని ఆ సంస్థవారే చెప్పిరి. బిడ్డ పెండ్లి ఛాయాచిత్రములు పోయినవానికి ఆ లెక్కతో ఏమి పని? దోషమును సవరించి నవంబరు 13న మరల విడుదల చేసిరి.

ఈ కథలో మమ్ము నిలువరించినది నష్టము కాదు. తొలిరూపును పరీక్షించినవారిలో కొందరు ఈ దోషమును విడుదలకు ముందే కనిపెట్టి వ్రాసిరి. గాని వారి వ్రాతలు వేలకొలది వ్రాతలలో అడుగున పడిపోయినవి. ఎక్కువమంది బలపరచిన ఫిర్యాదు పైకి తేలును. ఒకరిద్దరు చెప్పినది, ఎంత ఘోరమైనదైనను, క్రింద నుండిపోవును. పైగా ఆ కూర్పును చివరి మెట్టులోనుంచి పరీక్షింపకయే నేరుగా విడుదల చేసిరి. ఆ తరువాత, దోషము ఎంత తీవ్రమో తెలుపుటకు ఫిర్యాదు పత్రములో ఒక గడి చేర్చిరి. కల్లములో ఆడవారు తాలుకాయలు ఏరి ప్రక్కకు పోయుచుండగా, ఆ కుప్పను మరల మంచికాయలో కలిపి టిక్కీలకు ఎత్తినట్లయినది. ఏరుట యొక పని. ఏరినదానిని చూచుట యొక పని.

ఇంతవరకు విని, అయినచో మన మేల ఈ జోలికి పోవలె నని మీ రడుగవచ్చును. మా పెద్దలును అట్లే అడిగిరి. దానికి జవాబు అదే యేడు, ఫిబ్రవరిలో దొరకినది. దానికి మూలము తెలుగక్షరము.

జ్ఞానమునకు మొదటి అక్షరమైన 'జ్ఞా' మనకు ఒక్క అక్షరము. కంప్యూటరుకు అట్లు కాదు. అది జకారమును, పొల్లును, ఞకారమును, దీర్ఘమును వేరువేరుగా దాచుకొని, తెరపై చూపునప్పుడు వానిని కూర్చి ఒక్క రూపముగా దిద్దును. ఆ కూర్పు పని ఆపరేటింగు సిస్టముది. 2018 ఫిబ్రవరిలో, ఈ వరుస నడుమ కంటికి కానరాని ఒక విభాజక చిహ్నము చేరినచో ఆపిల్ ఐఫోనులలోని ఐఓఎస్ దానిని కూర్చలేక కుప్పకూలుచున్నదని బయటపడినది. ఎవరైన ఆ అక్షరమును సందేశముగా పంపిన చాలును. దానిని చూపబోయిన వాట్సాప్ మూతబడును. తెర మీదికి సూచనగా వచ్చినచో ఫోనే మొరాయించును. దేశదేశముల ఆకతాయిలు ఒకరికొకరు దానిని పంపుకొని వినోదించిరి. తెలుగు చదువరాని లక్షలమందికి మన భాషతో కలిగిన తొలి పరిచయ మది! పత్రికలు 'తెలుగు అక్షరదోష' మని వ్రాసినవి. దోషము అక్షరముది కాదు, దానిని కూర్చలేని యంత్రముది. ఫిబ్రవరి 19న ఆపిల్‌వారు 11.2.6 అను కూర్పుతో దానిని సవరించిరి. విచిత్రమేమనగా, అప్పటికే పరీక్షలో నున్న 11.3 తొలిరూపులో ఈ దోషము లేదని తేలినది. అనగా ఆ దినములలో విడుదలైన రూపము వాడువానికి ప్రమాదము. పచ్చిరూపము వాడువానికి క్షేమము. ఇట్టి తలక్రిందులు ఎప్పుడో గాని జరుగదు. దానిని నమ్ముకొని అడుగు వేయరాదు.

మా ప్రశ్న వేరు. ఆ దోషము విడుదలైన రూపములోనికి ఎట్లు దాటివచ్చినది? ఆంగ్లములో ఒక అక్షరము చెడినచో పరీక్షకులలో వేలమంది తెల్లవారకముందే గోల పెట్టుదురు. తెలుగులో వ్రాయుచు, తెలుగులో ఫైళ్లకు పేర్లు పెట్టుచు తొలిరూపును పరీక్షించువారు ఎందరు? మన లిపికి విండోస్‌లో చోటు దొరకినదే 2001 అక్టోబరులో, ఎక్స్‌పీతోపాటు గౌతమి అను ఫాంటు వచ్చినప్పుడు. కృష్ణ ఒడ్డున నున్నవారము గనుక ఆ గోదావరి పేరు చూచి కొంచెము ఈర్ష్యపడితిమేమో! 2009లో విండోస్ 7తో వచ్చిన ఫాంటునకు వాణి యని పేరిడినారు. రేడియోవారికి అంతకంటె ఏమి కావలెను? లినక్స్ వైపున 2005లో హైదరాబాదున మొదలైన స్వేచ్ఛవారు ఆపరేటింగు సిస్టమునే తెలుగులోనికి తెచ్చుటకు పూనుకొనిరి. లిపి వచ్చినది, ఫాంటులు వచ్చినవి. విడుదలకు ముందు వానిని తెలుగుకంటితో చూచువారు మాత్రము అంతగా రాలేదు. నల్లరేగడిలో వేసి చూడని రకము నల్లరేగడికి పనికివచ్చునో రాదో లాం క్షేత్రమువారైనను ఎట్లు చెప్పగలరు?

ఈ కారణముచేత మేము వేయుటకే నిశ్చయించితిమి. ఎచట వేయవలెను, ఎప్పుడు వేయవలెను అను దానిపైననే తగవు నడచినది. ప్రసారపు గదిలోని కంప్యూటరు మాట ఎత్తరాదని మొదటనే అందరును ఒప్పుకొంటిమి. పుష్యము మొదలు చైత్రము వరకు మిరపకోతలు, కల్లములు, ధరవరలు. ఆ నెలలలో మాకు ఊపిరి సలుపదు. అందుచేత కోతలు ముగిసి, దుక్కులు మొదలుకాకముందు వేసవిలో పని చేపట్టితిమి. మూలన పడియున్న ఒక కంప్యూటరును ఎన్నుకొంటిమి. కార్యాలయపు తక్కిన యంత్రములతో దానికి సంబంధము త్రెంచితిమి. రైతుల ఉత్తరములలో ఒక్కటియు దానిలో పెట్టలేదు. రికార్డులు మాత్రము కొన్ని, అదియు నకళ్లు, పెట్టితిమి. అసలువి మరి రెండు చోట్ల భద్రముగా నున్నవని సరిచూచుకొని గాని పెట్టలేదు.

తొలిరూపును ఎచటినుండి తెచ్చుకొనవలెనో మన ప్రాంతమువారికి చెప్పుట, చేపకు ఈత నేర్పుటయే యగును. నకిలీ విత్తనము కొని, సీసా మీది బొమ్మను నమ్మి, ఏడాది కష్టమును మంటిపాలు చేసికొన్న ఇండ్లు ఇచట ఎన్ని లేవు! 2021 జూన్ నెలలో విండోస్ 11 తొలిరూపు ప్రకటనకు ముందే ఎట్లో బయటికి పొక్కినది. ఆ ఆత్రమును చూచి, విండోస్ 11 అను పేరుతో వైరసులను కూర్చిన నకిలీలను ఇంటర్నెట్టులో పెట్టినవారు బయలుదేరిరి. తయారుచేసినవారి వద్ద తప్ప ఇతరుల వద్ద దీనిని పుచ్చుకొనరాదు.

ఇక మమ్ము అడుగు యువకులకు ఒక మాట. మీకు ఉన్నది ఒక్క ఫోనే యైనచో, తండ్రిగారికి కమీషను కొట్టు నుండి రావలసిన కాయల సొమ్ము, బ్యాంకు కబురు, పరీక్షల హాలుటికెట్టు అన్నియు దానిలోనికే వచ్చుచున్నచో, తొలిరూపు మాట తలపెట్టవద్దు. ఆండ్రాయిడ్ తొలిరూపు వేసికొని నడుమనే విరమించుకొన్నచో ఫోనులోని సమస్తమును తుడిచిపెట్టి గాని పాతరూపునకు రాలేరు. విండోస్‌లోను పచ్చిరూపునుండి వెనుకకు మరలుటకు తరచు అంతయు తుడిచి మొదటినుండి వేసికొనవలసినదే. చిరుసంచి ఇచ్చు శాస్త్రజ్ఞుడు పది యెకరముల ఆసామికి ఇచ్చినంత సులువుగా, ఒక్క ఎకరము కౌలుకు చేయువానికి ఇయ్యడు, ఇయ్యరాదు కూడ. అతనికి పరీక్షకు విడిచిపెట్టగల మూల లేదు. పాత కంప్యూటరు ఒకటి ఇంట నుండి, సరదా తీరనివారు లినక్స్ తొలిరూపులను చూడవచ్చును. ఉబుంటు ఏటేట ఏప్రిలులోను అక్టోబరులోను విడుదల యగును. దానికి కొన్ని వారముల ముందు తొలిరూపు వచ్చును. పెన్‌డ్రైవులో ఎక్కించి, కంప్యూటరులోని డిస్కును తాకకయే నడిపి చూచి, ఆర్పివేయవచ్చును. గట్టుమీద నిలిచి ప్రక్కవాని చేను చూచినంత క్షేమము.

మా పరీక్ష ఎట్లు జరిగినదో చెప్పి ముగింతుము. మేము వేసినది ఏ సంస్థవారిదో చెప్పుట ఇచట అవసరము కాదు. పరీక్షలో నున్న వంగడమునకు పేరు పెట్టి నిందించుట మర్యాద కాదు గదా. మొదటి వారము ధ్వనిని కత్తిరించి కూర్చు ప్రోగ్రాము తెరచుకొనినది గాని శబ్దము వినిపింపలేదు. మూడవ వారము క్రొత్త కూర్పు వచ్చినంతనే వినిపించినది. దానిని మేము వ్రాయనక్కరలేకపోయినది; మావంటివారు ఇతరదేశములలో వేలమంది వ్రాసియే యుందురు.

తెలుగు సంగతి అట్లు కాదు. రికార్డుల నకళ్లకు ఊళ్ల పేర్లు పెట్టియుంటిమి. ఫైళ్ల పట్టికను చిన్న అక్షరములలో చూచినప్పుడు వరుస క్రింది భాగము తెగిపోయి, వత్తులు కానరాకపోయినవి. అద్దంకి అదంకి యైనది. సత్తెనపల్లి సతెనపలి యైనది. పిడుగురాళ్ల పిడుగురాళ యైనది. ఒంగోలు, బాపట్లలలో ఒంగోలు మాత్రము చెక్కుచెదరక నిలిచినది, దానికి వత్తు లేదు గనుక. ఆంగ్లము వాడువానికి ఈ దోషము జన్మలో కనబడదు. కన్నడమువారికి కనబడవచ్చును.

మాలో ఒకరు వెంటనే "తెలుగు సరిగా రాలేదు" అని వ్రాయబోయిరి. పంట బాగుగా లేదని శాస్త్రజ్ఞునికి చెప్పినట్లుండును, అతడు దానితో ఏమి చేయును? మరల కూర్చుండి వ్రాసితిమి: ఏ అంకెగల కూర్పు, ఏ పట్టిక, అక్షరము ఎంత పరిమాణములో నున్నప్పుడు తెగుచున్నది, ఎంత పెంచినచో తెగుట మానుచున్నది, పాతరూపులో అదే పేరు ఎట్లు కనబడుచున్నది. రెండు రూపములను ప్రక్కప్రక్కన నుంచి తెరను ఛాయాచిత్రము తీసి జతపరచితిమి. తెలుగు రానివాడు చదువునని తలచి, ఏ గీత ఉండవలెనో ఎఱ్ఱగా సున్న చుట్టి చూపితిమి. ఇదంతయు ఒక సాయంకాలపు పని.

ఆరు వారములకు క్రొత్త కూర్పు వచ్చినది. అద్దంకికి వత్తు తిరిగి వచ్చినది, సత్తెనపల్లియు నిలబడినది. పిడుగురాళ్లకు మాత్రము వత్తు సగమే కనబడుచున్నది. ళకారము క్రింద చేరిన లవత్తు తక్కినవానికంటె కొంచెము క్రిందికి దిగుటయే కారణమని మా ఊహ. ఆ మాటయు చేర్చి రెండవ ఉత్తరము పంపితిమి. మా వద్ద నున్న తొలిరూపునకు గడువు ఇంకను రెండు నెల లున్నది.